పెళ్ళి కింద ఓడ

మా పెళ్ళి కాసెట్టు చివర్లో రాకెట్ వస్తుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నా. అప్పగింతల్లో మా మేనత్త నా మెడ పట్టుకుని ఏడుస్తూ ఉండగా బొమ్మ వణికి, నాలుగు గీతలు పడి, ఠక్కున నల్లటి ఆకాశం వస్తుంది. అందులో తాపీగా పోతున్న ఓడొకటి. సరిగ్గా నాలుగు నిమిషాలు, ఆ తర్వాత ఉత్త చుక్కలు. మా ఆయన పాండురంగం బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ముక్క వేసి చూపించేవాడు. "మా అత్తగారు మమ్మల్ని ఓడెక్కించి మరీ పంపారండీ" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ నాలుగు నిమిషాలూ మా అమ్మ మొహం చూసేదాన్ని కాదు.

ఎందుకంటే ఆ ఓడని పూడ్చింది నేనే.

ఆ ఓడ పేరు వైతరణి. 'వ్యోమనౌక వైతరణి' అని అయిదు భాగాల సినిమా. అట్టముక్కలూ స్టీలు గిన్నెలూ పెట్టి తీశారని అందరూ వెక్కిరించినా, మా కాలం వాళ్ళు దాన్ని చూసే పెరిగారు. ఆ ఓడ మాట్లాడుతుంది. ఆ మాట మా అమ్మది. మా అమ్మ వకుళమ్మ మద్రాసులో పదిహేనేళ్ళు డబ్బింగు చెప్పింది. పనివాళ్ళకి, సవతితల్లులకి, దయ్యాలకి, చివరికి ఈ ఓడకి. పేరు మాత్రం ఎక్కడా వెయ్యలేదు.

మొదటి మూడు భాగాల్లో ఓడవి ఉత్త లెక్కలు. వేగం ఇంత, దూరం ఇంత అని చెబుతుంది, అంతే. నాలుగో భాగంలో మాత్రం ఒక గ్రహం బద్దలవుతూ ఉంటుంది. జనం ఇంకా ఎక్కుతూనే ఉంటారు. "తలుపులు మూసి పైకి లే" అంటాడు కెప్టెను. కాగితం మీద ఓడ డైలాగు ఒక్కటే మాట: "ఆజ్ఞ." మా అమ్మ మైకు ముందు నిలబడి అది చెప్పలేదు. "వాళ్ళందరూ ఎక్కేదాకా నేను కదల్ను. ఏం చేసుకుంటావో చేసుకో" అంది, అచ్చం బందరు యాసలో. డైరెక్టరు ఆ టేకే ఉంచేశాడట. తర్వాత కథే మార్చుకున్నాడు. అదేంటమ్మా అలా అన్నావు అని చిన్నప్పుడు అడిగితే, "వదిలేసి పోయేదానికి ఓడెందుకే, నాంచారీ?" అంది.

ఇక నా ఘనకార్యం వినండి. పెళ్ళిరోజు పొద్దున వీడియో అతను ఖాళీ కాసెట్టు తేవడం మర్చిపోయానన్నాడు. ఇంట్లో ఏదన్నా ఉంటే ఇవ్వమన్నాడు. సినిమా కాసెట్టు అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు విరగ్గొట్టి ఉంటుంది, దాని మీద ఇంకేదీ ఎక్కకుండా. ఆ గుంట మీద టేపు ముక్క అంటిస్తే మళ్ళీ శుభ్రంగా ఎక్కుతుంది. ఈ కిటుకు అప్పట్లో బడిపిల్లలకి కూడా తెలుసు. పెళ్ళికూతుర్ని, చేతినిండా గోరింటాకు, బుర్రనిండా పాండురంగం. బీరువాలో చేతికందిన కాసెట్టు లాగి, బహుమతుల పొట్లాలకి అంటించే టేపు ముక్క నా చేత్తో నేనే అంటించి ఇచ్చాను. పేరు కూడా చదవలేదు.

వారం తర్వాత అందరం కూర్చుని పెళ్ళి చూశాం. చివర్లో ఓడ వచ్చింది. అమ్మ ఆ నాలుగు నిమిషాలూ కదలకుండా చూసి, "పెళ్ళి బాగా వచ్చిందే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు. ఒక్కనాడు ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు సినిమాలన్నీ నవ్యదృశ్య అనే కంపెనీ చేతిలో ఉన్నాయి కదా. వాళ్ళ దగ్గర 'సవరణ' అని ఒకటుంది. పాత సినిమా ఏదైనా వాళ్ళ గోడౌనులోంచి మీ గోడ మీది తెరకి వచ్చేలోపు తనంతట తాను దిద్దుకుంటుంది. గీతలు పోతాయి, రంగులు మెరుస్తాయి, పనిలో పనిగా కథ కూడా మెత్తబడుతుంది. వైతరణి హక్కులు కొన్నాక ఆ ఓడ పేరే ఇంటి పనుల యంత్రానికి పెట్టారు. ఫ్యాను వెయ్యమంటే "ఆజ్ఞ" అంటుంది, గ్యాసు కట్టమంటే "ఆజ్ఞ" అంటుంది. ఎదురు చెప్పే ఓడ పేరు పెట్టి చెప్పిన మాట వినే సరుకు అమ్మితే బాగోదు కదండీ! అందుకని నాలుగో భాగాన్ని సవరించారు. ఇప్పుడందులో కెప్టెను లేవమనగానే ఓడ "ఆజ్ఞ" అని లేచిపోతుంది. కిందున్న జనాన్ని చూపించరు కూడా. గొంతు మా అమ్మది కాదు, యంత్రానిది. అడిగితే మొదట్నించీ అంతే అన్నారు.

మా అమ్మకి తొమ్మిదేళ్ళ క్రితం గొంతు ఆపరేషనయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పలక మీద రాసి మాట్లాడుతుంది. ఆ సవరించిన భాగం మొదటిసారి చూసినరోజు పలక తీసుకుని, "నేను అలా అనలేదు" అని రాసింది. చెరిపి మళ్ళీ అదే రాసింది. ఆరోజు పట్టింది నాకు పిచ్చి.

గుడివాడలో మూతపడ్డ వీడియో లైబ్రరీ అటక మీద ఒకటో భాగం దొరికింది. రెండోది నెల్లూరులో ఒక రిటైర్డు మాస్టారి దగ్గర. ఆయన ఇవ్వనంటే మూడు సార్లు బందరు లడ్డూలు పట్టుకెళ్ళి కూర్చున్నా. మూడు, అయిదు ఒకే ఇంట్లో చిక్కాయి, బియ్యం డబ్బాకింద ఎత్తుకోసం పెట్టారు. నాలుగోది మాత్రం ఎనిమిదేళ్ళు వెతికినా లేదు. అది ఆడలేదు కాబట్టి కాసెట్లు కొద్దిగానే వచ్చాయి, ఉన్న కాసిన్నీ సముద్రపు గాలికి బూజు పట్టాయి. ఊరూరా తిరిగి వెతుకుతున్నది మా ఇంట్లోనే ఉంది, నా పెళ్ళి కింద.

నా ఉద్యోగం ఏంటంటే బురద కాల్చడం. సముద్రం ఒడ్డున మాకో పరిశోధనశాల ఉంది. సముద్రం అడుగునుంచి తీసిన బురదలో ఇనప రేణువులుంటాయి. వేల ఏళ్ళనాటి అయస్కాంతపు గుర్తు వాటిలో ఉంటుంది, దాని మీద కొత్త గుర్తు పేరుకుంటుంది. మెల్లగా వేడిచేస్తే పైది ముందు ఊడిపోయి అడుగుది బయటపడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పొయ్యి చూసుకునేది నేనే. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాను. కాసెట్టు టేపు మీద ఉండేది కూడా ఇనప రజనే కదా!

మా పెద్ద సైంటిస్టు అఫ్సరున్నీసా మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "నాంచారమ్మా, బురద కాలిస్తే ఇటుకవుతుంది. టేపు కాలిస్తే ఏమవుతుందో తెలుసా? కంపు" అంది. అని, మర్నాడు తనే సన్నటి లేజరు పట్టుకొచ్చింది. ఏడు నెలలు కుస్తీ పట్టాం. వీసీఆర్ తలకాయకి వెంట్రుకవాసి ముందు ఆ వెలుగు పెట్టాం. టేపు దాని కిందనుంచి పోతుంటే పైపొర లేస్తుంది, ఆ క్షణంలో అడుగుపొరని తలకాయ చదువుతుంది. మరుక్షణం అదీ చచ్చిపోతుంది. టేపు బురదంత మొండిది కాదు. అంటే ఒక్కసారే. పైదీ పోతుంది, కిందిదీ పోతుంది. ఆ ఒక్కసారిలో పట్టుకుంటే పట్టుకున్నట్టు.

పరీక్షకి అప్పగింతల్లో మేనత్త ఏడుపు ముక్క వాడాం. ఆవిడ ఎలాగూ ఉత్తుత్తినే ఏడ్చింది. టేపు తిరిగింది. మేనత్త నోరు తెరిచింది, మాయమైంది. బుసబుసల్లోంచి ఒక గొంతు వచ్చింది. "ద్వారాలు తెరిచే ఉన్నాయి. నెమ్మదిగా రండి."

నేను కుర్చీ టీవీ దగ్గరికి లాక్కున్నాను. లెక్కలు చెప్పే గొంతు కాదది, జ్వరమొస్తే నన్ను లేపి కషాయం తాగించిన గొంతు. అఫ్సర్ మేడమ్ నా చేతిలో మంచినీళ్ళు పెట్టింది.

ఆ వారమే నోటీసు వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. 'మీ వద్దనున్న వైతరణి పాత ప్రతులు సవరణకు లోబడనివి కావున శుక్రవారం ఉదయం మా ప్రతినిధులు వచ్చి స్వాధీనపరచుకొందురు.' అది కూడా ఇంటి యంత్రమే చదివి వినిపించింది. చదివాక "ఆజ్ఞ" అంది. దాని ప్లగ్గు పీకి అవతల పడేశాను.

ఇంకో చిక్కుంది. నాలుగో భాగం పైకి తెస్తే పెళ్ళి పోతుంది. పెళ్ళి పోతే పాండురంగం పోతాడు. పదకొండేళ్ళ క్రితం వారంరోజుల జ్వరంలో వెళ్ళిపోయాడు మనిషి. ఫొటోలున్నాయిగానీ కదిలే పాండురంగం, నవ్వే పాండురంగం ఆ ఒక్క కాసెట్టులోనే ఉన్నాడు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన పెద్ద తుమ్ము తుమ్మాడు మహానుభావుడు! బ్రాహ్మడు గతుక్కుమన్నాడు, మా వాళ్ళు మొహాలు చూసుకున్నారు, ఈయన మాత్రం ముక్కు తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు. పన్ను మీద పన్ను. ఆ నవ్వుకే నేను ఇరవై తొమ్మిదేళ్ళు కాపరం చేశాను.

దాన్ని ముందు వేరే దాంట్లోకి ఎక్కించుకోవచ్చు కదా అంటారా? ఎక్కించాను. ఇప్పుడు అమ్మే ప్రతి ఫోనులోనూ ప్రతి రికార్డరులోనూ ఉన్నది ఆ సవరణ చిప్పే. వేసి చూస్తే మా ఆయన పళ్ళు వరసగా ఉన్నాయి. తుమ్మే లేదు! ముహూర్తానికి దోషమని తీసేసింది. ఎవడో సబ్బు ప్రకటనలో కుర్రాడు నా నెత్తిన జీలకర్ర బెల్లం పెడుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఇక మిగిలిన దారి పాతకాలపు పద్ధతి, కాసెట్టులోంచి కాసెట్టులోకి. వీసీఆర్లు రెండున్నాయి. బూజు పట్టని ఖాళీ కాసెట్టు మాత్రం ఒక్కటే ఉంది, ఎనిమిదేళ్ళ తిరుగుడులో దొరికిన ఒకే ఒక్కటి, ఒక్కసారి కూడా వాడనిది. దొరికిన నాలుగు భాగాల్లో దేని మీద ఎక్కించినా మళ్ళీ అమ్మ గొంతునే పూడ్చినట్టు. దాని మీద పెళ్ళన్నా ఎక్కాలి, ఓడన్నా ఎక్కాలి. మొగుడన్నా ఉండాలి, అమ్మ మాటన్నా ఉండాలి.

రెండు రోజులు మథనపడి బుధవారం పొద్దున అమ్మతో చెప్పేశాను. "ఓడే ఎక్కిస్తానమ్మా. ఆ టేపు ముక్క అంటించింది నేను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. పాండూ ఏమీ అనుకోడు." అమ్మ పలక తుడుచుకుంది. పలక మీద, "సరే. వీధంతా రావాలి. మైకు పెట్టించు" అని రాసింది. పలక తిప్పి, "నువ్వు పనికి పో" అని రాసింది.

లేజరు పెట్టిన వీసీఆర్ బయటికి తేవాలంటే సంతకం కావాలి. అఫ్సర్ మేడమ్ రిజిస్టరులో 'బురద నమూనాల సేకరణ నిమిత్తం' అని రాసి సంతకం పెట్టింది. "మీ ఉద్యోగానికి ముప్పేమో మేడమ్" అన్నాను. "నాలుగో భాగం నేను చూళ్ళేదమ్మా. మా నాన్న పరీక్షలని పంపలేదు. ఇప్పుడెవరాపుతారు నన్ను?" అని ఆటోలో నా పక్కనే ఎక్కి కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మా వీధి చూడాలి మీరు! అరుగులమీద, గోడలమీద, చాపలమీద జనం. మా పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు. ఎదురింటి బజ్జీల సూరమ్మ పొయ్యి ఆర్పేసి మరీ వచ్చింది. వరండాలో పాత డబ్బా టీవీ పెట్టాం, లోపల్నుంచి రెండు మైకుపెట్టెలకి తీగలు లాగాం. పెళ్ళి కాసెట్టు మేడమ్ యంత్రంలో పెట్టాను. దాని పక్కన మామూలు వీసీఆర్, ఓడని పట్టుకోడానికి. ఖాళీ కాసెట్టు తీసి అందులోకి తోసి, రికార్డు చేసే ఎర్రమీట నొక్కాను. అది బయటికి తోసేసింది. మళ్ళీ తోశాను, మళ్ళీ కక్కింది.

తిప్పి చూశాను. అంచున పలుకు విరగ్గొట్టి ఉంది.

"ఎవరే ఈ పని చేసింది!" అని అరిచాను. నోరు ముందు, బుర్ర తర్వాత, అది నా పుట్టుక. చెయ్యి దానంతటదే బల్ల సొరుగులోకి పోయింది టేపు ముక్కకోసం. నలభై ఏళ్ళనాటి చెయ్యే కదా, దారి దానికి తెలుసు. ముక్క తుంచాను, గుంట మీద పెట్టబోయాను. అప్పుడు కనబడింది కాసెట్టు నడుము మీద అంటించిన చీటీ. మా అమ్మ రాత. 'నాంచారి పెళ్ళి. తుమ్ముతో సహా.'

నిన్న నన్ను పనికి పొమ్మని, ఎనభై ఒక్కేళ్ళ మనిషి, రెండు వీసీఆర్లకీ తీగలు కలిపి, ఎర్రమీట నొక్కి, రెండు గంటలూ ఎదురుగా కూర్చుని మేనత్త ఏడుపు తప్ప నా పెళ్ళి మొత్తం ఎక్కించింది. ఎక్కించి, ఇంక నేను చెడగొట్టకుండా పలుకు విరిచేసింది. నన్నెరిగిన మనిషి.

కాసెట్టు పట్టుకుని అమ్మ ముందు నిలబడ్డాను. "ఏం పని చేశావమ్మా! నీ మాటెలా ఉంటుంది? ఇది ఒక్కసారే వస్తుంది, తెలుసు కదా నీకు!" అమ్మ తాపీగా పలక అందుకుంది.

"పెళ్ళి నీది. అది దాచుకో."

చెరిపింది.

"ఆ మాట నేను ఒక్కసారే చెప్పా. రెండో టేకు లేదు. వినేవాళ్ళుంటే ఒక్కసారి చాలు."

టేపు ముక్క నా వేలికే అంటుకుని ఉంది. దాన్ని ఉండచుట్టి పారేశాను. మేడమ్ వైపు తిరిగి, "నడపండి" అన్నాను.

తెరమీద పెళ్ళి కనిపిస్తూనే కరిగిపోయింది. పసుపు బట్టలు, మండపం, మా నాన్న భుజం, ఒక్కొక్కటీ వణికి పోతుంటే వాటి కిందనుంచి నల్లటి ఆకాశం లేచింది. పాండురంగం తుమ్మడానికి మొహం చిట్లించాడు. ఆ మొహం పోయింది. కుడిచేత్తో కొత్త కాసెట్టు గుండెకి అదుముకున్నాను. సరిగ్గా అక్కడే గ్రహం బద్దలవుతోంది. జనం పరిగెడుతున్నారు. అట్టముక్కల తలుపే, స్టీలు గిన్నెల ఓడే, కానీ వీధిలో ఒక్కడూ నవ్వలేదు.

"తలుపులు మూసి పైకి లే!" అన్నాడు కెప్టెను.

బుసబుస. ఒక్క క్షణం ఏమీ లేదు.

"వాళ్ళందరూ ఎక్కేదాకా నేను కదల్ను. ఏం చేసుకుంటావో చేసుకో."

మైకుల్లోంచి వీధి చివరిదాకా వెళ్ళింది మా అమ్మ. సూరమ్మ "ఓసి నీ తల్లి కడుపు చల్లగా!" అని చప్పట్లు కొట్టింది. ఈలలు, కేకలు. అఫ్సర్ మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటోంది. అమ్మ మాత్రం తన గొంతు విని కాస్త తల ఊపింది, పర్వాలేదన్నట్టు. సినిమా చివరిదాకా నడిచింది. కాసెట్టు బయటికొచ్చేసరికి లోపల టేపంతా ముడతలు పడి గోధుమరంగు పీచులా ఉంది.

ఎవరో ఫోనులో పట్టామన్నారు. వేసి చూస్తే ఓడ "ఆజ్ఞ" అంటోంది! సూరమ్మకి తిక్కరేగి, "నా చెవులతో నేను విన్నాను, దీని మొహం, ఇది నాకు చెప్పేదేంటి?" అని ఆ ఫోను ఎవరిదో చూడకుండానే బోర్లా పెట్టేసింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కంపెనీ మనిషి వచ్చాడు. మెడలో బిళ్ళ, చేతిలో పలచటి తెర, వెనకాల పెట్టె మోసే ఇద్దరు. మర్యాదస్తుడే, గడపదగ్గర చెప్పులు విప్పాడు. అమ్మ అప్పటికే ప్లాస్టిక్ కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఒళ్ళో ఒకటి, రెండు, మూడు, అయిదు భాగాలు, వాటి మీద నా పెళ్ళి.

"అమ్మగారూ, కాస్త లేవండి. పాత ప్రతులు మాకివ్వాలి. సవరించినవి ఉచితంగా వస్తాయి మీకు, చాలా బాగుంటాయి" అన్నాడు.

అమ్మ లేవలేదు.

"పెద్దావిడకి వినపడదా?" అన్నాడు నాతో.

"శుభ్రంగా వినపడుతుంది. మాట్లాడలేదు, అంతే" అన్నాను.

ఆయన తెరమీద ఏదో నొక్కాడు. "దారి ఇవ్వాల్సిందిగా తెలియజేయి" అన్నాడు. "ఆజ్ఞ" అంది ఆ యంత్రం, ఓడదని వాళ్ళు చెప్పే గొంతుతో.

అమ్మ చెయ్యి పలకమీదికి పోలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచింది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, శబ్దం రాదని తెలిసి కూడా, మాట్లాడ్డానికి పెదాలు కదిపింది.

ఎదురరుగు మీద సూరమ్మ లేచి నిలబడింది. అమ్మ పెదాలు చూస్తూ, వాటికి సరిగ్గా సరిపోయేలా, "వాళ్ళందరూ ఎక్కేదాకా..." అంది. రెండో మాటకి పక్కింటివాళ్ళు కలిశారు. మూడో మాటకి వీధి కలిసింది. మద్రాసులో చీకటిగదుల్లో ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళకీ మాటలు అతికించిన మా అమ్మకి, మా వీధి డబ్బింగు చెప్పింది.

"...నేను కదల్ను! ఏం చేసుకుంటావో చేసుకో!"

ఆయన తెరవంక చూశాడు. తెర ఏమీ అనలేదు. ఒక అడుగు వెనక్కేసి, వంగి, చెప్పులు తొడుక్కున్నాడు.